ఒక్క టీచరు, అయిదు తరగతులు: బడి రోజు నడిపే పద్ధతి

"సార్, అయిపోయింది."

అయిదు తరగతులకూ ఒక్కరే టీచరున్న బడిలో ఈ మాట రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెడితే చాలు, ఆ బడి ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. మూడో తరగతికి తీసివేత చెబుతుండగా రెండో తరగతి పిల్ల పలక పట్టుకొని పక్కన నిలబడుతుంది. ఆ పలక చూసేలోపు ఒకటో తరగతిలో ఇద్దరు బలపం కోసం తగువు పడతారు. వాళ్లను విడదీసి వచ్చేసరికి మూడో తరగతి కిటికీలోంచి మేకల్ని చూస్తుంటుంది. ఇలాంటి బడిలో పాఠం దెబ్బతినేది టీచరుకు చెప్పడం చేతకాక కాదు, చెప్పించుకోని నాలుగు తరగతుల చేతిలో పని లేక. అందుకే పాఠ్య పథకం కన్నా ముందు రాసుకోవలసినవి మూడు సంగతులు: టీచరు ఒకరి దగ్గర కూర్చున్నప్పుడు మిగతావాళ్ల చేతిలో ఏముంటుంది, ఆ పని ఎన్ని నిమిషాలు ఆగుతుంది, అయిపోయాక ఎవరికి చూపించాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లుండాలి. కాగితం మీద ఇద్దరున్నచోట కూడా ఒకరు సెలవులోనో, శిక్షణలోనో, ఎన్నికల డ్యూటీలోనో ఉన్న రోజు మిగిలేది ఒక్కరే. కాబట్టి ఈ పద్ధతి ఆ బడులకూ పనికొస్తుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 22 మంది పిల్లలున్న బడి అనుకుందాం: ఒకటిలో 5, రెండులో 4, మూడులో 6, నాలుగులో 3, అయిదులో 4.

గది సర్దుకోవడం

పాత ప్రాథమిక బడులు చాలావాటికి రెండు గదులు, ఒక వరండా ఉంటాయి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కనీసం రెండు గదులుండాలని చెప్పింది మరి. టీచరు ఒక్కరే అయినప్పుడు ఆ రెండో గది ఉచ్చులాంటిది. చిన్నపిల్లల్ని ఒక గదిలో, పెద్దపిల్లల్ని ఇంకో గదిలో పెట్టి మధ్య గుమ్మంలో నిలబడి రెండు వైపులా చెప్పాలని చూస్తే గొంతు పోతుంది తప్ప పాఠం సాగదు. అందరినీ ఒకే గదిలో పెట్టి, రెండో గదిని బియ్యం, పుస్తకాలు, ఆటవస్తువులకు ఉంచాలి. వరండాను ఎండ పడని పూట ఒక జట్టుకు వాడుకోవచ్చు, అదీ టీచరు కూర్చున్న చోటినుంచి కనబడితేనే.

గదిలో మూడు చోట్లు చేయాలి. నల్లబల్ల ముందు టీచరు దగ్గర కూర్చునే చోటు ఒకటి. పక్క గోడ వారగా జట్టు పని చేసే చోటు రెండోది. వెనక, వెలుతురు బాగా పడే కిటికీ కింద ఎవరి పని వాళ్లు చేసుకునే చోటు మూడోది. జట్టుకూ జట్టుకూ మధ్య నాలుగడుగులైనా ఖాళీ ఉండాలి. పెద్ద జట్లను వీపులు ఎదురుగా ఉండేలా కూర్చోబెడితే సగం గోల అక్కడే తగ్గుతుంది. చాప మారిస్తే పని మారిందని పిల్లలకు మూడు నాలుగు రోజుల్లో అర్థమైపోతుంది, నోటితో చెప్పే పనుండదు.

గోడకు నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు చుట్టూ నల్లరంగు పట్టీ వేయిస్తే అంతకు మించిన ఉపకరణం లేదు. ఒక్కో పిల్లకు రెండడుగుల వెడల్పు గీసి, పైన పేరు రాయాలి. పలక మీద రాసింది టీచరు దగ్గరికి రావాలి. గోడ మీద రాసింది కూర్చున్న చోటినుంచే కనబడుతుంది. తడిగుడ్డతో తుడిచిన వెంటనే రాస్తే సుద్ద పట్టదు, రంగు కూడా పెచ్చులూడుతుంది. పొడిగుడ్డ వాడాలి.

జట్లు కట్టేది తరగతిని బట్టి కాదు

40 నిమిషాల పీరియడును అయిదు తరగతులకు పంచితే తలా 8 నిమిషాలు. అందులో సగం కూర్చోవడానికే చాలదు. అందుకని తెలుగుకూ లెక్కలకూ పిల్లల్ని వచ్చినదాన్ని బట్టి మూడు జట్లు చేయాలి.

ఎవరికి ఎంత వచ్చో చూడటానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే ప్రథమ్ సంస్థ అసర్ సర్వేల్లో వాడే కొలత లాంటిది ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది: పది అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ. మొదట పేరా చేతికివ్వండి. సాఫీగా చదివితే కథ, తడబడితే మాటలు. అయిదు మాటల్లో నాలుగైనా చదవలేకపోతే అక్షరాలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, అంటే 22 మందికి 45 నిమిషాల లోపే. మిగతావాళ్లు వినకుండా ఒక్కొక్కరినే వరండాలోకి పిలవాలి, లేకపోతే నాలుగోవాడు వచ్చేసరికి పేరా కంఠతా వచ్చేసి ఉంటుంది.

జట్లకు 'అక్షరాల జట్టు', 'పేరాల జట్టు' అని పేరు పెట్టకండి. వేప, రావి, చింత అనండి. నాలుగో తరగతి పిల్లవాడు ఒకటో తరగతివాళ్లతో కలిసి అక్షరాలు దిద్దవలసి వచ్చినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో తెలిసిందే. వాడికి ఆ జట్టులోనే ఇసుక పళ్లెం చూసుకునే పని అప్పగిస్తే అక్కడ కూర్చోవడానికి వాడికో కారణం దొరుకుతుంది. నెలకోసారి మళ్లీ చూసి పిల్లల్ని జట్టు మార్చాలి. ఏడాదంతా ఒకే జట్టులో ఉంచితే అది రెండో రకం తరగతి అయిపోతుంది.

ఈ దారిలో ఇంకా ముందుకెళ్లినవాళ్లున్నారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాసంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం 'నిచ్చెన' పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్ల వరుసలో పెట్టి, ఏ మెట్టు మీద ఉన్న పిల్ల ఆ కార్డు తీసుకునేలా చేశారు. కార్డు మీది బొమ్మ గుర్తును బట్టి ఎవరితో కూర్చోవాలో పిల్లకే తెలుస్తుంది. అంత సరంజామా లేకపోయినా అందులోంచి ఒకటి తీసుకోవచ్చు: తర్వాత ఏం చేయాలన్నది టీచరు నోట్లో కాకుండా పిల్ల చేతిలో ఉండాలి.

ఇరవై నిమిషాల చక్రం

పొద్దున తెలుగుకు 60 నిమిషాలు, ఇంటర్వెల్ తర్వాత లెక్కలకు 60 నిమిషాలు. ఒక్కో గంటలో 20 నిమిషాల చొప్పున మూడు విడతలు. ప్రతి జట్టూ ఒక విడత టీచరు దగ్గర, ఒకటి జట్టు పనిలో, ఒకటి సొంత పనిలో ఉంటుంది. అక్షరాల జట్టు ముందు టీచరు దగ్గరికి రావాలి. ఆ వయసు పిల్లలు సొంతంగా ఒక పని మీద 8, 10 నిమిషాలకు మించి నిలవరు, కనుక వాళ్ల సొంత పనిని రెండు ముక్కలు చేసి ఇవ్వాలి. నాలుగు, అయిదు తరగతుల వాళ్లు 20 నిమిషాలు లాగగలరు.

విడత మారేటప్పుడు చప్పట్లు, కేకలు వద్దు. చాలా బడుల్లో గంట అంటే వేలాడే రైలు పట్టా ముక్కే. దాన్ని విడత విడతకూ కొడితే ఊళ్లోవాళ్లు బడి వదిలారనుకుంటారు. ఒక చిన్న తాళమో, స్టీలు గ్లాసూ చెంచానో చాలు. మొదటి వారం పాఠం పక్కనబెట్టి ఈ మార్పునే సాధన చేయించండి. మొదట్లో అయిదారు నిమిషాలు పట్టేది వారానికి ఒక నిమిషానికి వస్తుంది. ఆ వారం వృథా అనిపిస్తుంది గానీ, రోజుకు నాలుగైదు మార్పులు కదా, కొద్ది నెలల్లోనే తిరిగొస్తుంది.

ఇక అసలు చిక్కు సొంత పని దగ్గర. "ఈ మాటలు అయిదేసిసార్లు రాయండి" అంటే పిల్లలు ఏం చేస్తారో గమనించండి. 'బలపం' అని రాయమంటే ముందు అయిదు వరుసల్లో 'బ' రాసేస్తారు, తర్వాత కిందికి అయిదు 'ల'లు, ఆ తర్వాత 'పం'లు. చేతికి పని ఉంది, బుర్రకు లేదు. దానికి బదులు పాత దినపత్రిక ఇచ్చి శీర్షికల్లో ఒత్తు ఉన్న మాటలకు సున్నా చుట్టమనండి. పది మాటల కార్డులిచ్చి రెండు కుప్పలు చేయమనండి, ఏ లెక్కన చేశారో తర్వాత చెప్పమనండి. 24 వచ్చేలా ఎన్ని కూడికలు, తీసివేతలు రాయగలరో చూడమనండి. సంత ధరలు నాలుగిచ్చి లెక్కలు వాళ్లనే తయారు చేయమంటే పెద్ద జట్టు 20 నిమిషాలు తలెత్తదు.

తొందరగా ముగించేవాళ్ల కోసం ఒక బూట్ల అట్టపెట్టె పెట్టాలి. అందులో 30 కార్డులు, ఒకవైపు పని, వెనక జవాబు. పెళ్లి శుభలేఖల అట్ట దీనికి భలే పనికొస్తుంది, ఊళ్లో అడిగితే సంచీడు ఇస్తారు. 15 రోజులకోసారి సగం కార్డులు మార్చకపోతే పిల్లలు జవాబులు కంఠస్థం చేసి కార్డు చూడకుండానే చెప్పేస్తారు.

ఒక నియమం గోడ మీద రాసి ఉంచండి: సందేహం వస్తే ముందు కార్డు మళ్లీ చదువు, తర్వాత పక్కవాళ్లనడుగు, తర్వాత జట్టు లీడరును, ఆ తర్వాతే టీచరు. నీళ్లకూ ఒంటేలుకూ ఇది వర్తించదు. వాటికి గుమ్మం పక్కన మేకుకు తగిలించిన ఒక అట్టముక్క చాలు, అది మెళ్లో వేసుకొని వెళ్లి వచ్చి మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే ఎవరో బయట ఉన్నట్టు.

జట్టు లీడర్లు అయిదో తరగతివాళ్లే కానక్కర్లేదు. ఎవరైనా వారానికొకరు, రోజుకు 20 నిమిషాలకు మించకుండా. లీడరు చేతికి బెత్తం గానీ, 'మాట్లాడినవారి పేర్లు' రాసే సుద్దముక్క గానీ ఇవ్వకండి. ఆ పట్టిక మొదలైతే లీడరుకు చదివించడం కన్నా పేర్లు రాయడమే ఇష్టమవుతుంది, అందులో పాత పగలు కూడా తీరిపోతాయి. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షనే నిషేధించింది. ఆ పని పిల్లలతో చేయించడం మరీ అన్యాయం.

అక్షరాల జట్టుతో

'అ' నుంచి 'ఱ' వరకు వరుసగా దిద్దించి ఆ తర్వాత మాటలకు వస్తే జనవరి దాటుతుంది. ఈలోపు వరుస నోటికొస్తుంది గానీ అక్షరం విడిగా చూపిస్తే గుర్తుపట్టరు. కిందినుంచి పైకి చూపించి అడగండి, తేలిపోతుంది. నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో మాటలు కట్టాలి: గ, ర, ల, ప, వ వస్తే గరప, పరవ అని ఏవో పుట్టించకుండా పిల్లలకు తెలిసినవే ఏరుకోవాలి: వల, పలక, కల, తల. అందుకని 'క', 'త' ముందుగానే చేర్చుకుంటే మంచిది.

తడబడేది ఒకే పోలిక ఉన్న అక్షరాల దగ్గర. ప, ష, వ, మ ఒక గుంపు. మ, య ఇంకొకటి. ద, ధ, థ మూడోది: 'ద' కింద గీత పెడితే 'ధ', లోపల చుక్క కూడా పెడితే 'థ'. పోలిక ఉన్న రెండింటినీ ఒకే రోజు నేర్పితే రెండూ కలిసిపోతాయి. 'ప' బాగా స్థిరపడ్డాక వారం ఆగి 'వ' చెప్పి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి తేడా పిల్లల చేతనే చెప్పించాలి.

ఇసుక పళ్లెం అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉంటే చాలు. జల్లెడ పట్టిన ఇసుక అంగుళం మందాన పోయాలి. మరీ పొడిగా ఉంటే గీత పూడిపోతుంది, తడి ఎక్కువైతే ముద్దవుతుంది. నీళ్లు చిలకరించి కలిపితే సరి. రాత్రి మూత పెట్టకపోతే పొద్దునకు పిల్లి వాడేసుకుంటుంది.

లెక్కల్లో కట్టలు విప్పించాలి

ఇద్దరికొక వంద పుల్లలు కావాలి. కొబ్బరి ఈనెల చీపురు ఒకటి తీసుకొని నాలుగంగుళాల ముక్కలు చేస్తే ఒక్కో ఈనె నుంచి నాలుగైదు వస్తాయి. కోసిన కొసలు గరుకు నేల మీద రుద్దాలి, లేకపోతే గుచ్చుకుంటాయి. రబ్బరు బ్యాండ్లు ఎండకు తెగిపోతాయి, జడకు పెట్టుకునే గుడ్డ రబ్బర్లు ఏడాది వస్తాయి.

పది పుల్లల కట్టలు ముందే కట్టి ఇవ్వడం ఇక్కడ జరిగే పొరపాటు. కట్టడమూ విప్పడమూ పిల్లే చేయాలి, పాఠమంతా అందులోనే ఉంది. 52 నుంచి 27 తీసేయమంటే చాలామంది 35 అంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. 'అప్పు తెచ్చుకో' అంటే ఎవరి దగ్గర, ఎందుకు అన్నది వాళ్లకు తెలియదు. అదే అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు ముందు పెట్టి ఏడు ఇవ్వమంటే, చెప్పకుండానే ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడిస్తే అయిదు, రెండు కట్టలిస్తే రెండు: 25. వారం రోజులు ఇలా చేశాకే పలక మీద అప్పు గీత గీయించాలి.

ఇంకో తప్పు ఉక్తలేఖనంలో బయటపడుతుంది. "నూట ఇరవై మూడు" అంటే విన్నది విన్నట్టు 100203 అనో 10023 అనో రాస్తారు. దీనికి మూడు అట్టలు: 100 రాసినది ఆరంగుళాలు, 20 రాసినది నాలుగంగుళాలు, 3 రాసినది రెండంగుళాలు, అన్నిట్లోనూ ఒక్కో అంకెకు రెండేసి అంగుళాలు. కుడి అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పెడితే 123 కనబడుతుంది, పైవి తీస్తే కింద సున్నాలు బయటపడతాయి. ఎన్నిసార్లు నోటితో చెప్పినా ఎక్కనిది ఒక్కసారి ఎత్తి చూస్తే ఎక్కుతుంది.

పరిసరాల విజ్ఞానం మూడు నుంచి అయిదు తరగతులకు కలిపి ఒకే అంశంగా చెప్పొచ్చు. నీళ్ల పాఠం అనుకోండి. మూడో తరగతి ఊళ్లో నీళ్లు దొరికే చోట్లు బొమ్మ గీస్తుంది. నాలుగు ఇంట్లో రోజుకు ఎన్ని బిందెలు వాడతారో పట్టిక వేస్తుంది. అయిదు కారే కుళాయి కింద గ్లాసు పెట్టి 10 నిమిషాలు కొలుస్తుంది. 100 మిల్లీలీటర్లు పడితే గంటకు 600, రోజుకు 14.4 లీటర్లు. ఆ సమయంలో ఒకటి, రెండు తరగతులకు బొమ్మలు, బంకమట్టి. ఇంగ్లీషుకు పాటలు, ఆజ్ఞల ఆటలు అందరికీ కలిపి పెట్టి, రాత పని మాత్రం జట్ల వారీగా ఇస్తే సరిపోతుంది.

ప్రార్థన, హాజరు, ఫోను

ప్రార్థన 15 నిమిషాలకు మించనివ్వకండి, చిన్నపిల్లలు ఎండలో తూలతారు. ప్రతిజ్ఞను పిల్లలు రాగం తీస్తూ అప్పగించేస్తారు. 1962లో విశాఖపట్నంలో పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని తెలుగులోనే రాశారు. వారానికొక వాక్యం తీసుకొని అర్థం అడిగితే ప్రార్థనే ఒక తెలుగు పాఠమవుతుంది.

హాజరు ప్రార్థన అయిన వెంటనే తేలాలి, ఎందుకంటే వంటమ్మ దాన్ని బట్టే బియ్యం కొలవాలి. పై ఆఫీసుకు వివరాలు పంపే యాప్ పనులన్నీ రోజుకు రెండుసార్లే పెట్టుకోండి: హాజరు తర్వాత ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి. సిగ్నల్ కోసం గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డ అయిదు నిమిషాల్లో లోపల అరగంట పాఠం చెదిరిపోతుంది. మధ్యలో వచ్చే సమాచారం అడిగే మెసేజ్‌లకు కాగితం మీద జవాబు రాసుకొని భోజనం తర్వాత పంపినా కొంప మునగదు.

మధ్యాహ్న భోజనం

ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది జాతీయ కొలత. 22 మందిలో 20 మంది వచ్చారంటే 2 కిలోల బియ్యం, 400 గ్రాముల పప్పు, కిలో కూరలు, 100 గ్రాముల నూనె. వంటగదిలో తక్కెడ లేకపోతే ఒక డబ్బాకు సరిగ్గా కిలో బియ్యం ఎక్కడికి వస్తుందో తూచి, పెయింటుతో గీత గీసి ఉంచాలి. 'అందాజుగా' వేస్తే నెలాఖరుకు బియ్యం నిల్వ, రిజిస్టరు ఒకదానికొకటి పొంతన ఉండవు.

వడ్డించే ముందు టీచరు రుచి చూడాలన్నది నియమం. ఉప్పు చూడటానికి మాత్రమే కాదు, పప్పు ఉడికిందా, గుడ్డు వాసన వస్తోందా అన్నదీ చూడాలి. అనుమానముంటే వడ్డించకండి.

చేతులు కడగడం దగ్గరే ఆలస్యమవుతుంది. ఒక్కొక్కరికి 20 సెకన్లు, ఒకే కుళాయి ఉంటే 20 మందికి దాదాపు 7 నిమిషాలు, తోపులాటతో కలిపి పది. కాబట్టి చిన్నపిల్లల్ని గంటకు పది నిమిషాల ముందే పంపాలి. సబ్బును ఉల్లిపాయల వలసంచి ముక్కలో కట్టి కుళాయికి వేలాడదీస్తే కింద పడి మట్టికాదు, కాకి ఎత్తుకుపోదు. కంచాలు కడిగే చోటు, చేతులు కడిగే చోటు వేరుగా లేకపోతే బురదలో జారిపడతారు.

వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే ఇవ్వాలి, ఖాళీ కడుపున వేస్తే వికారం. విరేచనం నల్లగా రావచ్చని తల్లులకు ముందే చెప్పకపోతే మర్నాడు భయపడుతూ బడికి వస్తారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర నమిలి మింగేదాకా టీచరు ఎదురుగా ఉండాలి. జ్వరంగా ఉన్నవాళ్లకు ఆ రోజు ఇవ్వకూడదు.

చివరి గంట

భోజనం తర్వాత మొదటి పావుగంట ఎవరికీ ఏమీ ఎక్కదు. కథ చదివి వినిపించండి, లేదా పిల్లలచేత చదివించండి. చివరి 40 నిమిషాలు ఆటలు, ఊడవడం, మొక్కలకు నీళ్లు. ఊడ్చే వంతులో మగపిల్లల పేర్లూ ఉన్నాయా అని పట్టిక ఒకసారి చూసుకోండి, చాలాచోట్ల ఉండవు.

పిల్లలు వెళ్లాక 20 నిమిషాలు ఉండాలి. మర్నాటి మొదటి విడతకు మూడు జట్ల పనీ మూడు చోట్ల రాసి పెట్టాలి: పెద్దలకు నల్లబల్ల మీద, మధ్య జట్టుకు గోడ పట్టీ మీద, చిన్నవాళ్లకు చాప మీద కార్డులు. పుల్లలు లెక్కపెట్టి కట్టలు విప్పి డబ్బాలో వేయాలి, ఇసుక పళ్లెం మీద మూత పెట్టాలి. పొద్దున టీచరు ఎక్కిన బస్సు పది నిమిషాలు ఆలస్యమైనా, తాళం తీసే అయిదో తరగతి పిల్ల లోపలికి వచ్చి బోర్డు చూసి కూర్చుంటుంది.